బిచ్‌రీ బావులు: తీర్పు తర్వాత మొదలైన కేసు

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం సంగారెడ్డి వైపు నుంచి నలుగురు రైతులు మా ఆఫీసుకు వచ్చారు. వాళ్లలో పెద్దాయన భుజాన ఉన్న సంచిలోంచి లీటరు కూల్‌డ్రింక్ సీసా తీసి టేబుల్ మీద పెట్టాడు. లేబుల్ చింపేసి, మూత మీద పాలిథిన్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. లోపల నీళ్లు పలచటి డికాషన్ రంగులో ఉన్నాయి. మూత తీస్తే గది నిండా పెయింటు వాసన. సీసా కింద తెల్ల కాగితం పెట్టి ఉంటే, తీసిన చోట గోధుమరంగు గుండ్రటి మచ్చ మిగిలింది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లోనే ఉంది.

కేసు ఎలా వేస్తారు, ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అని మిగతా ముగ్గురు అడిగారు. పెద్దాయన మాత్రం ఒక్కటే అడిగాడు: "సార్, తీర్పు మన దిక్కు వస్తే మా బాయి నీళ్లు మంచిగయితయా?"

పాతికేళ్లుగా వకీలుగా ఈ పని చేస్తున్నాను. ఆ రోజు దానికి సూటిగా అవునని చెప్పలేకపోయాను. కారణం బిచ్‌రీ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పర్యావరణ కేసులు వేసే ప్రతి వకీలూ తన పిటిషన్లో ఎక్కడో ఒకచోట ఆ తీర్పును ఉదహరిస్తాడు. 'కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలి' అన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పు అది. కానీ మనం తీర్పులో రెండు పేరాలు తీసుకుని వదిలేస్తాం. తీర్పు తర్వాత ఏం జరిగిందో చాలామంది జూనియర్లకు తెలియదు. అందుకే ఈ కేసును మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. చట్టం కోసమే కాదు, ఆ పెద్దాయన ప్రశ్న కోసం కూడా.

ఊరు, ఫ్యాక్టరీ, బురద

బిచ్‌రీ రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాలోని చిన్న ఊరు. 1987 ప్రాంతంలో ఆ ఊరి పక్కన హిందుస్తాన్ ఆగ్రో కెమికల్స్ అనే కంపెనీ ఓలియం అనే గాఢ యాసిడ్, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే ఎరువు తయారుచేయడం మొదలుపెట్టింది. అదే కాంపౌండులో, అదే యజమానుల చేతుల్లో, సిల్వర్ కెమికల్స్, జ్యోతి కెమికల్స్ అని ఇంకో రెండు యూనిట్లు వచ్చాయి. ఈ రెండూ చేసింది హెచ్-యాసిడ్. బట్టలకు వేసే రంగుల తయారీలో వాడే కెమికల్ ఇది. ఇక్కడ వాడుకోవడానికి కాదు, మొత్తం ఎగుమతికే. పాశ్చాత్య దేశాలు తమ గడ్డ మీద దీని తయారీ వద్దనుకున్నాయి. సరుకు వాళ్లకు, బురద బిచ్‌రీకి.

ఆ బురద లెక్క ఒకసారి చూడాలి. సిల్వర్ కెమికల్స్ తీసిన హెచ్-యాసిడ్ 375 టన్నులు. ట్రయల్‌గా 20 టన్నులే తీశామని జ్యోతి కెమికల్స్ చెప్పుకుంది. కంపెనీల మాటే నిజమనుకున్నా మొత్తం 395 టన్నులు. దాని వెనక మిగిలిన ఇనుము, జిప్సం బురద దాదాపు 2,440 టన్నులు. ఒక టన్ను సరుకుకు ఆరు టన్నులకు పైగా విషం. ఈ బురదను కాంపౌండు లోపలా బయటా ఆరుబయట పోశారు. శుద్ధి చేయని నీళ్లను అలాగే వదిలేశారు. వానలు పడ్డాయి. విషం నేలలోకి దిగి భూగర్భ జలాన్ని పట్టుకుంది. బావుల్లో నీళ్లు నల్లబడ్డాయి. మనుషులు తాగడానికే కాదు, పశువులకూ పొలానికీ పనికిరాకుండా పోయాయి.

సిల్వర్ కెమికల్స్ ఎన్‌ఓసీ లేకుండా పెట్టిన యూనిట్ అని రాజస్థాన్ పొల్యూషన్ బోర్డే తర్వాత సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. అనుమతి లేని ఫ్యాక్టరీ అన్ని వందల టన్నుల సరుకు తీసి ఎగుమతి చేసేదాకా ఎవరూ ఆపలేదు. విషయం పార్లమెంటులో లేచింది, మంత్రి చర్యలు తీసుకుంటున్నామన్నారు, ఊళ్లో మాత్రం ఏమీ మారలేదు. చివరికి జనం తిరగబడ్డారు. కలెక్టర్ 144 సెక్షన్ పెట్టారు. 1989 జనవరిలో సిల్వర్ కెమికల్స్ మూతపడింది. ఫ్యాక్టరీని ఆపింది ఏ ఆఫీసూ కాదు, ఊరు. ఈ ముక్క నేను ప్రతి ఊళ్లోనూ చెబుతాను.

720 టన్నులు గుంటల్లో, మిగతాది మట్టిలో

1989 ఆగస్టులో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది కాబట్టి పిటిషన్‌లో అసలు విషయం ఉత్పత్తి కాదు, పోసిన బురద. దాన్ని తీసి, లోపల పూత పూసిన గుంటల్లో నీళ్లు దిగకుండా భద్రపరచాలని కోర్టు ఆదేశించింది. పరిస్థితి చూసి రిపోర్టు ఇమ్మని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థకు, అంటే నీరికి, చెప్పింది.

తర్వాత జరిగింది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. గుంటల్లోకి చేరింది 720 టన్నులే. మిగిలిన బురదను అక్కడే చల్లి, మట్టితో కలిపి, పైన కప్పేశారు. ఆర్డరు పాటించినట్టు కాగితం మీద కనబడాలి, కంటికి బురద కనబడకూడదు. కానీ మట్టి కప్పితే విషం ఎక్కడికి పోతుంది? ప్రతి వానాకాలం ఇంకాస్త కిందికి దిగుతుంది. అసలు ఫ్యాక్టరీ చేసిన నష్టం ఒకటైతే, కోర్టు ఆర్డరు తర్వాత బురదను దాచడం వల్ల అయిన నష్టం ఇంకొకటి. తీర్పులో కోర్టు వీటిని 'రోగ్ ఇండస్ట్రీస్', అంటే చట్టాన్ని లెక్కచేయని పరిశ్రమలు, అన్నదంటే ఊరికే అనలేదు.

ఇలాంటి కేసు చేసే జూనియర్లకు నేను ఇక్కడే ఒక మాట చెబుతాను. బురద తీయమని ఆర్డరు తెచ్చుకుంటే సరిపోదు. ఎన్ని టన్నులు ఉంది, ఎన్ని టన్నులు కదిలింది, ఏ లారీలో, ఏ తూకం చీటీతో, ఏ గుంటలోకి వెళ్లింది అన్న లెక్క కోర్టు ముందుకు వచ్చేలా ఆర్డరులోనే రాయించుకోవాలి. బిచ్‌రీలో 2,440, 720 అనే రెండు అంకెలు రికార్డులో ఉన్నాయి కాబట్టే మోసం బయటపడింది. ఆ అంకెలు లేకపోతే కోర్టు ముందు మిగిలేది నున్నగా చదునుచేసిన నేల ఫోటో ఒక్కటే.

నీరి 1994లో పూర్తి రిపోర్టు ఇచ్చింది. సుమారు 350 హెక్టార్ల భూమి దెబ్బతిన్నదని తేల్చింది. అందులోనే ఇంకో రెండు అంకెలున్నాయి. గ్రామస్థులకు జరిగిన నష్టం 342.8 లక్షల రూపాయలు. నేలను, బావి నీళ్లను బాగు చేయడానికి అయ్యే ఖర్చు 3,738.5 లక్షలు.

ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులకు ఇచ్చే పరిహారం మూడున్నర కోట్ల లోపు. నేలను బాగుచేసే ఖర్చు దానికి దాదాపు పదకొండింతలు. రాజీకి వచ్చే కంపెనీలు ఎప్పుడూ పరిహారం గురించే ఎందుకు మాట్లాడతాయో ఈ రెండు అంకెల్లో ఉంది. ఎకరాకు ఇంత అని చెక్కులు పంచితే ఫోటోలు దిగొచ్చు, ఊరు రెండుగా చీలుతుంది, కేసు చల్లబడుతుంది. నేల అలాగే ఉంటుంది. పంట పోయిన రైతుకు ఆ చెక్కు కావాలి, కాదనను. అప్పులవాడు ఇంటి ముందు కూర్చుంటే ఎవరైనా సంతకం పెడతారు, దానికి రైతును తప్పుపట్టలేం. కానీ పరిహారంతో కేసు ముగిసిందని వకీలు సంతకం పెడితే, ఆ పదకొండింతల ఖర్చును కంపెనీ నెత్తి మీంచి దించి ఊరి పిల్లల నెత్తిన పెట్టినట్టే.

కోర్టులో ఏం వాదించుకున్నారు

కంపెనీల మొదటి అభ్యంతరం చాలామంది వేసేదే: మాది ప్రైవేటు కంపెనీ, రాజ్యాంగం 32వ అధికరణ కింద మా మీద రిట్ ఎలా వేస్తారు? దీనికి కోర్టు ఇచ్చిన జవాబు ఇప్పటికీ మాకు పనికొస్తోంది. పిటిషనర్ అడుగుతున్నది కేంద్రాన్ని, రాష్ట్రాన్ని, పొల్యూషన్ బోర్డును వాటి చట్టబద్ధమైన పని చేయమని. అవి చేయకపోవడం వల్ల జనం జీవించే హక్కుకు, అంటే 21వ అధికరణకు, దెబ్బ తగులుతుంటే కోర్టు జోక్యం చేసుకుంటుంది. అందుకే మేం పిటిషన్లో కంపెనీని ఎంత జాగ్రత్తగా పార్టీ చేస్తామో, బోర్డునూ కలెక్టర్నూ అంతే జాగ్రత్తగా చేస్తాం. కంపెనీ రేపు చేతులెత్తేయొచ్చు. బోర్డు ఎక్కడికీ పోదు.

రెండో గొడవ బాధ్యత గురించి. ఢిల్లీలో 1985 డిసెంబరులో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు ఒక కొత్త సూత్రం చెప్పింది. ప్రమాదకరమైన పని చేస్తూ లాభం తీసుకునేవాడు, ఆ పని వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఏ మినహాయింపూ లేకుండా భరించాలి. జాగ్రత్తగానే ఉన్నాం, దైవికంగా జరిగింది, మూడోవాడు చేశాడు అన్న సాకులు నడవవు. ఇలాంటి బాధ్యత గురించి అందరూ చెప్పే 1868 నాటి ఇంగ్లండు తీర్పులో ఉన్న మినహాయింపులన్నీ ఇక్కడ కొట్టేశారు. అయితే భోపాల్ కేసులో 1991లో ఇచ్చిన తీర్పులో, ఓలియం కేసులో అన్న మాటలు ఆ కేసుకు అవసరం లేకపోయినా చెప్పినవి, కట్టుబడాల్సిన పనిలేదు అన్న అభిప్రాయం వచ్చింది. బిచ్‌రీ కంపెనీలు దాన్నే పట్టుకున్నాయి.

1996 ఫిబ్రవరి 13న జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్ తీర్పు చెప్పారు. తీర్పు రాసింది జస్టిస్ జీవన్ రెడ్డి. ఒకప్పుడు మన హైదరాబాద్ హైకోర్టులో జడ్జిగా కూర్చున్న మనిషి. ఓలియం కేసులో చెప్పింది పనికిరాని మాట కాదు, అదే ఈ దేశపు పరిస్థితులకు తగిన సూత్రం అని ఆయన తేల్చారు. మనం పెట్టుకునే నియమం ఆచరణకు వీలుగా, సులువుగా, మన దేశానికి సరిపడేలా ఉండాలన్నారు. నేను పదేపదే చదువుకునే వాక్యం అది. బోరు నీళ్లు పట్టుకుని వచ్చిన రైతును, ఫ్యాక్టరీలో ఏ వాల్వు దగ్గర ఎవరు నిర్లక్ష్యం చేశారో నిరూపించు అని అడగలేం. లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడు కంపెనీవాడు. తెలిసినవాడే భరించాలి.

ఇక ఖర్చు సంగతి. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లో 3, 5 సెక్షన్ల కింద కేంద్రానికి ఉన్న అధికారాల్లోనే, నేలను బాగుచేయించి ఆ ఖర్చు కాలుష్యం చేసినవాడి నుంచి రాబట్టే అధికారం కూడా ఉందని కోర్టు చెప్పింది. ఖర్చు ఎంతో కేంద్ర పర్యావరణ శాఖ తేల్చాలి. కాంపౌండులోని యూనిట్లన్నీ మూసేయాలి. డబ్బు వసూలయ్యేదాకా ఆ కంపెనీల ఫ్యాక్టరీలు, యంత్రాలు, స్థిరాస్తులు జప్తులో ఉండాలి. రైతులు తమ నష్టానికి సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు, కోర్టు ఫీజు కట్టలేక పాపర్‌గా వేస్తే రాష్ట్రం అడ్డుచెప్పకూడదు. పిటిషనర్ సంస్థకు 50 వేలు ఖర్చులు. ఇలాంటి కేసులకు ప్రత్యేక పర్యావరణ కోర్టులు ఉండాలని కూడా అదే తీర్పు సూచించింది. అవి గ్రీన్ ట్రిబ్యునల్ రూపంలో రావడానికి 2010 దాకా పట్టింది.

ఇక్కడిదాకా చదివితే గొప్ప విజయం. లా కాలేజీలో పాఠం ఇక్కడితో అయిపోతుంది.

పదిహేనేళ్లు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు అన్నారు. బిచ్‌రీ రైతులు అలా ఇంటికొచ్చి ఏడ్చినవాళ్లే.

కేంద్రం లెక్క కట్టింది. 1997 నవంబర్ 4న సుప్రీంకోర్టు 37.385 కోట్ల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. నీరి చెప్పిన అంకే అది. కంపెనీ కట్టలేదు. రివ్యూ వేసింది, కొట్టేశారు. ఆపైన ఒకదాని తర్వాత ఒకటి ఇంటర్‌లోక్యుటరీ అప్లికేషన్లు, అంటే కేసు నడుమ వేసే దరఖాస్తులు, మేం రోజూ ఐఏ అనేవి. కొత్త నిపుణుల రిపోర్టులు తెచ్చి, అసలు కాలుష్యమే లేదు, విషయాన్ని మళ్లీ మొదటినుంచి చూడండి అన్నారు. ఐఏ పడగానే నోటీసు, కౌంటర్, రిజాయిండర్, వాయిదా. ఒక్కో ఐఏ ఒక్కో ఏడాది తినేస్తుంది. చివరికి తేలిన రెండు ఐఏల నంబర్లు 36, 44. ఒక్క ముగిసిపోయిన కేసులో నలభై నాలుగో ఐఏ! ఈ నంబర్ చూసినప్పుడు, కోర్టు మెట్లెక్కని ఆ ఊరి రైతుకు ఇది ఎలా వివరించాలో నాకు ఇప్పటికీ తోచదు.

2011 జులై 18న జస్టిస్ దల్వీర్ భండారీ, జస్టిస్ హెచ్.ఎల్. దత్తు ఆ రెండు ఐఏలనూ కొట్టేశారు. తుది తీర్పు వచ్చి పదిహేనేళ్లు దాటినా, దాన్ని అమలు చేయకుండా తప్పించుకోవడానికే కావాలని కేసును బతికించి ఉంచారని, సుప్రీంకోర్టు తుది తీర్పును కూడా ఎలా పక్కకు నెట్టవచ్చో ఇది ఒక ఉదాహరణ అని ఆ తీర్పులో మొదట్లోనే రాశారు. ఒక అత్యున్నత న్యాయస్థానం తన గురించి తానే ఇంత నిజాయితీగా రాసుకోవడం అరుదు.

ఆ ఆర్డరులో అసలు పదును వడ్డీలో ఉంది. 37.385 కోట్లకు 1997 నవంబర్ 4 నుంచి కట్టేదాకా ఏడాదికి 12 శాతం చక్రవడ్డీ. మామూలు వడ్డీ కాదు. తేడా కాగితం మీద వేసి చూశాను. 1997 నవంబర్ నుంచి 2011 జులై దాకా పదమూడేళ్ల ఎనిమిది నెలల పైన. మామూలు వడ్డీ అయితే అసలుతో కలిపి దాదాపు 99 కోట్లు. ఏడాదికోసారి కట్టే చక్రవడ్డీ అయితే 175 కోట్ల పైన. ఎందుకు చక్రవడ్డీ? ఆ డబ్బు అన్నేళ్లూ కంపెనీ దగ్గరే ఉండి సంపాదించింది. ఇవ్వాల్సిన డబ్బును ఇవ్వకుండా వాడుకుని లాభపడితే ఆ లాభం కూడా వాడిది కాదు. కోర్టులో వాయిదాలు తీసుకోవడం లాభసాటి వ్యాపారం కాకూడదు. దీనిపై జస్టిస్ భండారీ చాలా పేజీలు రాశారు, నా దృష్టిలో 1996 తీర్పు ఎంత ముఖ్యమో ఆ పేజీలూ అంతే ముఖ్యం. ఐఏల మీద ఇంకో 10 లక్షలు ఖర్చులు వేసి, అది కూడా బిచ్‌రీ చుట్టుపక్కల బాగుచేతకే వాడమన్నారు. రెండు నెలల్లో కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలన్నారు.

పిటిషన్ వేసిన 1989 ఆగస్టు నుంచి ఈ ఆర్డరు దాకా ఇరవై రెండేళ్లు. ఫ్యాక్టరీ ఆ విషాన్ని తీయడానికి పట్టింది రెండేళ్లకు మించదు.

మన దగ్గరికొస్తే

బిచ్‌రీ పిటిషన్ వేసిన సంస్థే 1990లో పటాన్‌చెరు కాలుష్యం మీద కూడా సుప్రీంకోర్టుకు వెళ్లింది. నక్కవాగు, దాని చుట్టూ ఉన్న చెరువులు, అక్కడి ఊళ్లు. ఆ కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. దాని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం అవుతుంది. 1999 జనవరిలో వచ్చిన పొల్యూషన్ బోర్డు, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసును మాత్రం చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు ఒక నూనెల ఫ్యాక్టరీ పెట్టడంపై వచ్చిన గొడవ అది. పరిశ్రమ వల్ల హాని లేదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడిదే అని జస్టిస్ ఎం. జగన్నాథరావు అందులో రాశారు. బిచ్‌రీ జరిగిపోయిన నష్టానికి ఎవరు కట్టాలో చెప్పింది. నాయుడు కేసు, నష్టం జరగకముందే ఎవరు ఏం నిరూపించాలో చెప్పింది. రెండూ తెలుగు జడ్జీల కలం నుంచి వచ్చాయి, ఇది తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

విశాఖలో 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు, మరుసటి రోజే గ్రీన్ ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. మొత్తం నష్టం ఎంతో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ముందు డబ్బు కట్టించారు. బిచ్‌రీలో కేసు మొదట్లోనే ఇలాంటి పని జరిగి ఉంటే కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం. తీర్పు తర్వాత వసూలు చేసే డబ్బు వేరు, తీర్పుకు ముందే కోర్టు చేతిలో ఉన్న డబ్బు వేరు. రెండోదాని మీద నలభై నాలుగు ఐఏలు వేసినా ఎవరికీ ఉపయోగం ఉండదు.

చట్టం ఇంకోవైపు మెత్తబడింది కూడా. 1986 చట్టంలో 15వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం, 2023తో ఆ జైలు పోయి, పదివేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ వచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జైలు శిక్షలు ఎప్పుడో ఒకటి తప్ప పడేవి కావన్నది నిజమే. అయినా డైరెక్టర్‌గా సంతకం పెట్టేవాడికి ఆ సెక్షన్ అంటే ఒక టెన్షన్ ఉండేది. బాగుచేత ఖర్చు 37 కోట్లుండే చోట 15 లక్షల పెనాల్టీ ఎవరిని ఆపుతుంది?

బయట దేశాల్లో ఇప్పుడు మాట అటువైపు నడుస్తోంది. తీవ్రంగా ఉండి, దాంతోపాటు విశాలంగానో చాలాకాలంపాటో ఉండే పర్యావరణ నష్టం జరుగుతుందని తెలిసీ చేసే పనిని 'ఈకోసైడ్' అనే నేరంగా నిర్వచిస్తూ 2021 జూన్‌లో అంతర్జాతీయ న్యాయ నిపుణుల బృందం ఒక ముసాయిదా ఇచ్చింది. దాన్ని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో చేర్చాలని 2024లో వనువాటు, ఫిజీ, సమోవా అడిగాయి. బెల్జియం తన కొత్త శిక్షాస్మృతిలో చేర్చుకుంది. భారతదేశం ఆ కోర్టులో సభ్యదేశం కాదు కాబట్టి రేపే మన ఊళ్లకు ఒరిగేదేమీ లేదు. కానీ ఆ నిర్వచనంలో 'తెలిసీ' అన్న మాట దగ్గర ఆగుతాను. ఆర్డరు వచ్చాక బురద మీద మట్టి కప్పినవాడికి తెలియదని ఎవరైనా అనగలరా? అది సివిల్ బాధ్యతతో, వడ్డీ లెక్కతో సరిపోయే పని కాదని నేను అనుకుంటాను.

మా పిటిషన్

ఆ నలుగురు రైతుల కేసుకు వస్తాను. పెద్దాయన తెచ్చిన సీసా సాక్ష్యంగా పనికిరాదు, ఎవరు ఎక్కడ ఎప్పుడు నింపారో కాగితం లేదు. వారం తర్వాత ఊరికి వెళ్లాం. ముదురు రంగు గాజు సీసాలు, ఐస్ డబ్బా, సీలు వేసే లక్క. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా అంచుదాకా నింపి, మూత మీద కాగితం అంటించి, ఇద్దరు పంచుల, అంటే సాక్షుల, సంతకాలు, తేదీ, టైము, సర్వే నంబర్. ఫోన్లో లొకేషన్ పడేలా ఫోటో. ఫ్యాక్టరీకి ఎగువన ఉన్న బావి నుంచి కూడా ఒకటి తీశాం. ఎగువన నీళ్లు బాగుండి దిగువన పాడైతేనే లెక్క ఫ్యాక్టరీ వైపు తిరుగుతుంది. సాయంత్రానికి గుర్తింపు ఉన్న ల్యాబులో ఇచ్చేశాం. స్థానిక ఆఫీసు నుంచి పాత తనిఖీ రిపోర్టుల కాపీలు రావడానికి మాత్రం అయిదు నెలలు, రెండు ఆర్‌టీఐ అప్పీళ్లు పట్టాయి.

చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి, ఆ ట్రిబ్యునల్ చట్టంలో పరిహారం, బాగుచేత అడగడానికి ఉన్న 15వ సెక్షన్ కింద వేశాం. దానికి అయిదేళ్ల గడువుంది, 14వ సెక్షన్‌కు ఆరు నెలలే. గడువు చూసుకోక మంచి కేసులు పోగొట్టుకున్న ఊళ్లు నాకు తెలుసు. కోరికల పేరాలు మాత్రం బిచ్‌రీ పక్కన పెట్టుకుని రాశాను. పరిహారం ఒక పేరా, నేల, నీళ్లు బాగుచేయడం వేరే పేరా, ఒకటి ఇచ్చి రెండోది ముగిసిందనడానికి వీల్లేకుండా. బాగుచేత ఖర్చు అంచనా ఎవరు వేయాలి, ఎన్ని వారాల్లో, ఆ అంచనాకు కంపెనీ ఎంత ముందే డిపాజిట్ చేయాలి. వ్యర్థాల తరలింపుకు తూకం చీటీల లెక్క. కట్టని రోజు నుంచి చక్రవడ్డీ, 2011 ఆర్డరు పేరుతో సహా. ఆస్తుల వివరాలు ప్రమాణ పత్రం మీద కంపెనీ చెప్పాలి, అమ్మకుండా మధ్యంతర ఆర్డరు. చివరగా, ప్రతి ఆరు నెలలకూ అవే బావుల నుంచి అదే పద్ధతిలో నీళ్లు తీసి ట్రిబ్యునల్ ముందు పెట్టాలి, నీళ్లు మామూలు స్థాయికి వచ్చేదాకా కేసు మూయకూడదు. ఆ చివరి పేరా ఎక్కువ అడగడమేనని మా సీనియర్ ఒకాయన అన్నారు. ఉంచేశాను.

కేసు నడుస్తోంది. నోటీసులు వెళ్లాయి, బోర్డు కౌంటర్ వేసింది, మధ్యంతర డిపాజిట్ మీద వాదనలు సగం అయ్యాయి.

అఫిడవిట్ సంతకాల రోజు పెద్దాయనకు మొత్తం చదివి వినిపించాను. సర్వే నంబర్లు, అంకెలు, సెక్షన్లు ఓపిగ్గా విన్నాడు. బావి పేరా రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీటి వనరు అని రాసిన్రు గదా సార్. గట్ల గాదు. మా నాయిన తవ్విచ్చిన బాయి అని రాయుండ్రి. తవ్వినప్పుడు తియ్యటి నీళ్లు వడ్డయి, ఊరంతా వచ్చి తాగింది."

పేజీ మార్చి మళ్లీ ప్రింటు తీయించాను. నాలుగో పేరాలో ఇప్పుడు అలాగే ఉంది.